తెలిసినవాడే పూచీ పడాలి

తొలకరి పడి దుక్కి పదునెక్కితే పత్తి రైతు విత్తనాల దుకాణం మెట్లెక్కక తప్పదు. కౌంటరు మీద నాలుగైదు కంపెనీల ప్యాకెట్లుంటాయి. ప్రతి దాని మీదా విరగకాసిన చెట్టు బొమ్మే. వెనక చిన్న అక్షరాల్లో మొలక శాతం, జన్యు స్వచ్ఛత, లాటు నంబరు, పరీక్షించిన తేదీ, గడువు తేదీ రాసి ఉంటాయి. ఆ అంకెలు నిజమో కాదో తేల్చుకునే దారి కొనే మనిషికి లేదు. చేతిలో వేసుకుని చూసినా మందు రంగు పూసిన గింజ ఏమీ చెప్పదు. మొలిచేదీ మొలవనిదీ వారం పది రోజులకు తెలుస్తుంది. ప్యాకెట్ మీద రాసిన రకం అవునో కాదో తెలియాలంటే పూత, కాత దాకా ఆగాలి. అప్పటికి అదును దాటిపోతుంది, పెట్టుబడి మట్టిలో కలిసిపోతుంది. అమ్మిన కంపెనీ దగ్గర మాత్రం ఆ లాటు ఎక్కడ పండింది, పరీక్షలో ఎంత వచ్చింది, గోదాములో ఎన్నాళ్లుంది అన్నీ రికార్డులో ఉంటాయి. నకిలీ విత్తనాల సమస్యకు మూలం ఈ తేడాలోనే ఉంది. దీన్ని కొందరు మోసగాళ్ల సమస్యగానే చూస్తూ వచ్చాం కాబట్టే ఏటా వానాకాలం ముందు అవే దాడులు, అవే పట్టివేతలు, అవే ఫొటోలు. రైతుకు జాగ్రత్తలు చెప్పడం వల్లగానీ, జైలు శిక్షలు పెంచడం వల్లగానీ ఇది తీరదు. సరుకు గుణం ఎవరికి తెలుసో వాళ్లే దానికి డబ్బు రూపంలో పూచీ పడేలా చేస్తేనే తీరుతుంది.

ఇలాంటి మార్కెట్ల సంగతి మొదట సూత్రబద్ధంగా చెప్పింది అమెరికన్ ఆర్థికవేత్త జార్జి ఏకర్‌లాఫ్. 1970లో అచ్చయిన ఆయన పదమూడు పేజీల వ్యాసాన్ని అంతకుముందు మూడు పత్రికలు తిప్పి పంపాయి. అదే వ్యాసం 2001లో మైకేల్ స్పెన్స్, జోసెఫ్ స్టిగ్లిట్జ్‌లతో కలిపి ఆయనకు నోబెల్ తెచ్చిపెట్టింది. ఆయన తీసుకున్న ఉదాహరణ పాత కార్లది. కారు మంచిదో డొక్కుదో అమ్మేవాడికి తెలుసు, కొనేవాడికి తెలియదు. అందుకని కొనేవాడు రెంటికీ మధ్యస్థంగా ఒక ధర ఇవ్వజూపుతాడు. ఆ ధర మంచి కారు ఉన్నవాడికి గిట్టదు, తప్పుకుంటాడు. మిగిలినవాటి సగటు నాణ్యత పడిపోతుంది, దాంతో ధరా పడుతుంది, మరికొందరు తప్పుకుంటారు. చివరికి బజార్లో డొక్కు సరుకే మిగులుతుంది. ఈ వ్యాసం అచ్చవడానికి ముందు 1967-68లో ఏకర్‌లాఫ్ ఢిల్లీలోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో ఉన్నారు. బియ్యంలో అదే రంగు, అదే ఆకారం రాళ్లు కావాలని కలిపితే మన ఇళ్లలో ఆడవాళ్లు వాటిని ఏరుకోవాల్సి రావడం కూడా ఆ వ్యాసంలోకి ఎక్కింది. అందులోంచి ఆయన తేల్చిన మాట మనకు ముఖ్యం. మోసం వల్ల జరిగే నష్టం మోసపోయినవాడి నష్టంతో ఆగదు. నిజాయితీగా అమ్మేవాడు బజారు నుంచి గెంటివేతకు గురికావడం కూడా అందులో భాగమే.

విత్తనాల విషయంలో ఈ గెంటివేత ఎలా జరుగుతుందో చూడండి. హైబ్రిడ్ పత్తి విత్తనం తయారీ చాలా శ్రమతో కూడిన పని. సాయంత్రం పూట ఆడ మొక్కల మొగ్గల్లోంచి కేసరాలు తీసేసి, మర్నాటి ఉదయం మగ మొక్కల పుప్పొడి ఒక్కో పువ్వుకూ చేత్తో అద్దాలి. పక్క పొలాల పుప్పొడి సోకకుండా దూరం పాటించాలి. బెరుకు మొక్కలను ఎప్పటికప్పుడు పీకేయాలి. ఇంత చేసిన గింజకూ, జిన్నింగ్ మిల్లులో పత్తి ఒలిస్తే వచ్చిన మామూలు గింజకు రంగు పూసినదానికీ కౌంటరు మీద తేడా కనపడదు. ధర ఆ తేడా చెబుతుందా అంటే అదీ లేదు. కేంద్రం 2015 నాటి పత్తి విత్తన ధరల నియంత్రణ ఉత్తర్వు కింద బీటీ పత్తికి ఏటా గరిష్ఠ ధర నిర్ణయిస్తోంది. 2024-25 సీజన్‌కు 475 గ్రాముల ప్యాకెట్‌కు అది 864 రూపాయలు. ఎక్కువ ఖర్చు పెట్టి మేలైన విత్తనం చేసినవాడూ, అరకొరగా చేసినవాడూ ఆ గీత కిందే అమ్ముకోవాలి. అలాగని నియంత్రణ ఎత్తేస్తే సరిపోతుందనుకోవడం పొరపాటు. కొనేవాడికి గుణం తెలియనప్పుడు ఎక్కువ ధర మంచి సరుకుకు గుర్తు కాదు, ఎక్కువ ప్రచారానికి గుర్తు. అప్పుడు పోటీ గింజలో ఉండదు, డీలరుకిచ్చే కమీషన్‌లో, ఊరి గోడల మీది పోస్టర్లలో ఉంటుంది.

మార్కెట్ తన తప్పు తనే దిద్దుకుంటుంది కదా, ఒకసారి మోసపోయిన రైతు మళ్లీ ఆ కంపెనీ గడప తొక్కడు కదా అని కొందరంటారు. కొన్ని సరుకుల్లో ఇది నిజమే. హోటల్లో ఇడ్లీ బాగాలేకపోతే మర్నాడు పక్క హోటలుకు పోతాం. ఇడ్లీ ఎందుకు బాగాలేదన్న అనుమానం మనకు ఉండదు కాబట్టి ఆ తీర్పు పనిచేస్తుంది. పంట అలా కాదు. మొలక రాకపోతే గింజ లోపం కావచ్చు, విత్తాక వాన ముఖం చాటేయడం కావచ్చు, లోతుగా నాటడం కావచ్చు. కాయ నిలవకపోతే పురుగు వల్ల కావచ్చు, ఎరువు వల్ల కావచ్చు. కంపెనీ ప్రతినిధి పొలానికి వచ్చి మొదట అనే మాట కూడా ఇదే: వాతావరణం సార్, మా విత్తనం కాదు. కొన్నాక కూడా, వాడాక కూడా గుణం తేలని సరుకు ఇది. చెడ్డపేరు రావాలంటే తప్పు ఎవరిదో తెలియాలి. తెలియనిచోట పేరు మీద నడిచే క్రమశిక్షణ ఉండదు. పైగా చాలామంది రైతులు విత్తనం, ఎరువు, పురుగుమందు ఒకే దుకాణంలో అప్పు మీద తెస్తారు. పంట అమ్మాక కట్టాలి. అప్పున్న దుకాణం వదిలి ఇంకో దుకాణానికి పోయే స్వేచ్ఛ వాళ్లకు పేరుకే ఉంటుంది. అప్పు మీద కొన్నవాడికి దుకాణదారు చేతిలో పెట్టిందే విత్తనం, అతను రాసిందే లెక్క.

ఇక ప్రభుత్వాలు ఏటా చెప్పే జాగ్రత్తలు ఉన్నాయి. లైసెన్సున్న దుకాణంలోనే కొనండి, బిల్లు తీసుకోండి, ఖాళీ సంచి, కొన్ని గింజలు పంట చేతికొచ్చేదాకా దాచుకోండి. చెడ్డ సలహాలేమీ కావు. కానీ వీటి వెనక ఒక ఊహ ఉంది: నిజం రుజువు చేయాల్సిన బాధ్యత కొన్నవాడిదని. సుప్రీంకోర్టు 2012లో ఈ ఊహను తోసిపుచ్చింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ రైతులకు వినియోగదారుల ఫోరాలు ఇప్పించిన పరిహారాన్ని సవాలు చేస్తూ నేషనల్ సీడ్స్ కార్పొరేషన్ వేసిన అప్పీళ్లవి. గింజల నమూనాను ప్రయోగశాలకు పంపలేదు కాబట్టి ఫిర్యాదు చెల్లదని కార్పొరేషన్ వాదించింది. కొన్న విత్తనమంతా నాటేసుకునే రైతు, అది పాడుదని ముందే అనుమానించి కొంత పక్కన పెడతాడని ఎవరూ ఆశించకూడదని కోర్టు చెప్పింది. విత్తన చట్టం ఉన్నా వినియోగదారుల చట్టం కింద రైతు పరిహారం అడగవచ్చనీ స్పష్టం చేసింది. గొప్ప తీర్పే. అయితే ఆ దారిలో జిల్లా వినియోగదారుల కమిషన్ నుంచి ఢిల్లీ దాకా నడిచే ఓపిక ఎంతమందికి ఉంటుంది? రెండెకరాల కౌలు రైతుకు ఆ నడక మరో నష్టం. మొలవని విత్తనం వేసినవాళ్లలో ఎక్కువమంది మళ్లీ అప్పు చేసి రెండో ప్యాకెట్ కొనుక్కుని ఊరుకోవడానికి కారణం ఇదే.

కొనేవాడు అమాయకుడు, అమ్మేవాడు గడుసువాడు అన్నట్టుగా ఈ చర్చ సాగుతుంటుంది. అసలు విషయం అది కాదని జోగులాంబ గద్వాల జిల్లాలోని సీడ్ పత్తి చూపిస్తుంది. నడిగడ్డ అని పిలిచే ఆ ప్రాంత రైతులు అక్కడ విత్తనం కొనేవాళ్లు కాదు, పండించి కంపెనీలకు ఇచ్చేవాళ్లు. కంపెనీకీ రైతుకూ మధ్య ఆర్గనైజర్ ఉంటాడు. మూల విత్తనం తెచ్చిచ్చేదీ, క్రాసింగ్ కూలీల ఖర్చుకు అప్పిచ్చేదీ అతనే. గింజలు కంపెనీకి చేరాక జీఓటీ చేస్తారు. అంటే నమూనా గింజలను మరోచోట నాటి, మొక్కలు ఎదిగాక బెరుకులెన్నో లెక్కపెడతారు. ఆ ఫలితానికి నెలలు పడుతుంది. అందాకా డబ్బు పూర్తిగా చేతికి రాదు, అప్పు మీద వడ్డీ మాత్రం పెరుగుతుంది. చివరికి ఫెయిల్ అని ఒక మాట వస్తుంది. ఏ పొలంలో నాటారో, ఎన్ని మొక్కలు తేడాగా వచ్చాయో తమకు చూపించరన్నది అక్కడి రైతుల పాత ఫిర్యాదు. ఇక్కడ సరుకు తయారుచేసి అమ్మేది రైతే, అయినా గుడ్డివాడయ్యేదీ రైతే. ఎందుకంటే పరీక్ష కంపెనీ చేతిలో ఉంది. రైతు అమ్మేటప్పుడు పరీక్ష పాసయ్యేదాకా సొమ్ము ఇవ్వరు. అదే రైతు కొనేటప్పుడు మాత్రం పరీక్ష ఫలితం చూడకుండా ముందే సొమ్ము కట్టాలి. బజారులో బలం పరీక్ష కాగితం ఎవరి బీరువాలో ఉందన్నదాన్ని బట్టి ఉంటుంది.

ఈ కాగితాన్ని బయటికి తీయడం సాధ్యమేనని బంగారం రుజువు చేసింది. ఒకప్పుడు నగలో ఎంత బంగారముందో కంసాలికి, దుకాణదారుకు తెలిసినంత కొనేవాళ్లకు తెలిసేది కాదు. మార్చుకునేటప్పుడు తరుగు పేరుతో తక్కువ చేసినా నోరెత్తడానికి ఉండేది కాదు. భారతీయ ప్రమాణాల సంస్థ హాల్‌మార్క్ పథకాన్ని 2000లో తెచ్చినా, వ్యాపారుల ఇష్టానికి వదిలినన్నాళ్లు అది అంతంత మాత్రమే. 2021 జూన్ 16 నుంచి 256 జిల్లాల్లో దాన్ని తప్పనిసరి చేశారు. 2023 ఏప్రిల్ 1 నుంచి ఆరు అక్షరాలూ అంకెల హెచ్‌యూఐడీ సంకేతం లేని నగ ఆ జిల్లాల్లో అమ్మరాదు. ఆ సంకేతం ఫోన్‌లో కొడితే అమ్మినవారి వివరం, పరీక్షించిన కేంద్రం, స్వచ్ఛత వస్తాయి. ఇంతకంటే ముఖ్యమైనది, ఎక్కువమందికి తెలియనిది మరొకటుంది. ముద్రలో చెప్పినదానికన్నా స్వచ్ఛత తక్కువని తేలితే, ఆ తేడా విలువకు రెండు రెట్లు, దానితోపాటు పరీక్ష ఖర్చు కొన్నవారికి చెల్లించాలని 2018 నిబంధనలు చెబుతున్నాయి. 2021 ఆగస్టు 23న నగల వ్యాపారులు కొత్త పద్ధతికి నిరసనగా దేశవ్యాప్తంగా దుకాణాలు మూశారు. వ్యాపారం సాగదన్నారు. సాగింది. తప్పనిసరి జిల్లాల సంఖ్య కూడా ఆ తర్వాత పెరుగుతూనే వచ్చింది. పెళ్లి నగకు ఇచ్చిన ఈ రక్షణ రైతు బతుకు ఆధారపడ్డ గింజకు ఎందుకు లేదన్నది అడగాల్సిన ప్రశ్న.

విత్తనాల్లో కూడా ముద్రలు ఉన్నాయి కదా అనవచ్చు. ఉన్నాయి, కానీ రెండు రకాలు. ధ్రువీకరణ సంస్థ పొలం దగ్గర్నుంచి చూసి ఇచ్చేది నీలం ట్యాగు. పత్తి, మిరప, మొక్కజొన్నల్లో ప్రైవేటు హైబ్రిడ్లు ఎక్కువగా అమ్ముడయ్యేది ఆకుపచ్చ ట్యాగుతో, టీఎల్ (ట్రూత్‌ఫుల్లీ లేబుల్డ్) విత్తనాలుగా. ఆ లేబుల్ కంపెనీ తనకు తానే రాసుకునే ధ్రువపత్రం. అమ్మకానికి ముందు బయటివాళ్లెవరూ దాన్ని సరిచూడరు. వ్యవసాయాధికారి కొన్ని దుకాణాల్లో నమూనాలు తీసి పంపినా, ఫలితం వచ్చేసరికి విత్తడం అయిపోతుంది. 2023లో కేంద్రం సాథీ పోర్టల్ తెచ్చి ప్యాకెట్ల మీద క్యూఆర్ కోడ్ పద్ధతి మొదలుపెట్టింది. మంచి పనే. ఆ కోడ్ ప్యాకెట్ ఎక్కడి నుంచి వచ్చిందో చెబుతుంది. లోపలి గింజ ఎలాంటిదో చెప్పదు. నోబెల్ పంచుకున్న స్పెన్స్ సిద్ధాంతం ఇక్కడ పనికొస్తుంది. ఏ గుర్తయినా నమ్మదగ్గది కావాలంటే, మంచి సరుకు ఉన్నవాడికి అది చవగ్గా, చెడ్డ సరుకు ఉన్నవాడికి మోయలేనంత ఖరీదుగా ఉండాలి. రంగుల ప్యాకెట్, కోడ్, సినిమా తార ప్రకటన ఇద్దరికీ ఒకే ఖర్చు, కాబట్టి అవి ఇద్దరినీ విడదీయలేవు. ‘మొలక ఇంత శాతం రాకపోతే ప్యాకెట్ ధరకు ఇన్ని రెట్లు మీ ఖాతాలో వేస్తాను’ అన్న మాట అలా కాదు. గింజ మీద నమ్మకమున్న కంపెనీకి ఆ మాట ఇవ్వడానికి పెద్దగా ఖర్చు లేదు. నాసిరకం అమ్మేవాడు ఆ మాట ఇస్తే దివాలా తీస్తాడు.

మన చట్టం ఇన్నాళ్లూ ఈ దారి వదిలి రెండు కొసల మధ్య ఊగింది. 1966 నాటి విత్తన చట్టం కింద మొదటి నేరానికి గరిష్ఠ జరిమానా 500 రూపాయలు. ఒక్క పత్తి ప్యాకెట్ ధర అంతకంటే ఎక్కువ. అది పనికిరాదు కాబట్టి మరో కొసకు పోయి తెలంగాణ 2018లో పీడీ (ముందస్తు నిర్బంధ) చట్టాన్ని సవరించి నకిలీ విత్తనాల వ్యాపారులను విచారణ లేకుండా నిర్బంధించే జాబితాలో చేర్చింది. అంతకు ముందు ఏడాదే నకిలీ మిరప విత్తనాల కేసులో అదే చట్టం కింద పెట్టిన నిర్బంధాన్ని సుప్రీంకోర్టు కొట్టివేసి, మామూలు చట్టాలు ఉండగా ఇది తగదని చెప్పింది. రంగు పూసిన జిన్నింగ్ గింజల్ని సంచుల్లో నింపే ముఠాను పోలీసులు పట్టుకోవాల్సిందే, అందులో సందేహం లేదు. కానీ పేరున్న కంపెనీ నాసిరకం లాటును తెలిసీ బజారులోకి వదిలితే నిర్బంధపు ఉత్తర్వు దానికి తగలదు, తగిలినా రైతుకు ఒక్క రూపాయి తిరిగిరాదు. కఠిన శిక్ష అరుదుగా పడితే వ్యాపారి దాన్ని దురదృష్టంగా లెక్కేసుకుంటాడు. చిన్న మొత్తమైనా తప్పకుండా కట్టాల్సి వస్తే ఖర్చుగా లెక్కేసుకుని ముందే జాగ్రత్త పడతాడు.

పూచీ పెడితే వాన లోపాలన్నీ కంపెనీల నెత్తిన పడతాయన్నది పరిశ్రమ చెప్పే అభ్యంతరం. దీన్ని తేలిగ్గా తీసుకోకూడదు. అయితే జవాబు చట్టంలోనే ఉంది. ఇన్‌స్పెక్టర్ నమూనా తీస్తే మూడు భాగాలు చేయాలని 1966 చట్టమే చెబుతుంది: ఒకటి అమ్మినవారికి, ఒకటి పరీక్షకు, ఒకటి భద్రంగా. ఇదే పద్ధతిని దుకాణంలో అనుమానం వచ్చినప్పుడు కాక, ప్రతి లాటుకూ అమ్మకానికి ముందే పాటించాలి. లాటు బజారులోకి రాకముందు నమూనా ప్రభుత్వ ప్రయోగశాలకు చేరాలి, మొలక ఫలితం లాటు నంబరు వారీగా అందరికీ కనపడాలి, సీలు వేసిన ఒక భాగం పంట కాలం దాకా అక్కడే ఉండాలి. అప్పుడు ఫిర్యాదు వస్తే తగవు వాన మీద కాదు, అదే గింజ మీద తేలుతుంది. వేర్వేరు నేలల్లో, వేర్వేరు తేదీల్లో ఒకే లాటు వేసినవాళ్లంతా దెబ్బతిని, పక్కనే వేరే లాటు వేసినవాళ్లు బాగుంటే తప్పు ఎవరిదో వేరే చెప్పక్కర్లేదు. ఈ పద్ధతి నిజాయితీ కంపెనీకి రక్షణ కూడా. వాన తప్పును తన మీద వేయకుండా ఆ సీలు సంచే కాపాడుతుంది. నడిగడ్డలో జీఓటీకి కూడా ఇదే మూడు భాగాల పద్ధతి పెడితే ఫెయిల్ అన్న మాటకు ఆధారం అడిగే హక్కు రైతుకు వస్తుంది.

ఖర్చు పెరిగి చిన్న కంపెనీలు మూతపడతాయన్నది రెండో అభ్యంతరం. ఒక లాటులో వేల ప్యాకెట్లు ఉంటాయి కాబట్టి పరీక్ష ఖర్చు ఒక్కో ప్యాకెట్‌కు పంచితే పెద్దగా తేలదు. పైగా ఇప్పుడు చిన్న కంపెనీని చంపుతున్నది పరీక్ష కాదు, పెద్ద కంపెనీల ప్రచార ఖర్చు. ఫలితం అందరి ముందూ ఉంటే పోస్టర్లకు డబ్బులేని మంచి కంపెనీకీ కొనేవాళ్లు దొరుకుతారు. మూడో అభ్యంతరం గట్టిది: గడ్డిమందును తట్టుకునే పత్తికి అనుమతి లేదని తెలిసీ రైతులే లూజుగా కొంటున్నారు, వాళ్లనెలా కాపాడతారు? నిజమే, కలుపు కూలీ దొరక్క కొందరు ఆ దారి పట్టారు. కానీ వాళ్లకు తెలిసింది అది అక్రమమన్నంత వరకే. ఆ సంచిలో అడిగిన గింజే ఉందో, మామూలు గింజే ఉందో వాళ్లకూ తెలియదు. బిల్లు ఉండదు, ఫిర్యాదు చేసే ముఖమూ ఉండదు. పూచీ ఉన్న మార్కెట్టుకూ పూచీ లేని మార్కెట్టుకూ తేడా కళ్లకు కట్టాలంటే అధికారిక ప్యాకెట్ వెనక గట్టి హామీ ఉండాలి. ఇప్పుడు రెంటి వెనకా ఏమీ లేదు కాబట్టే లూజు విత్తనం కూడా పోటీకి నిలబడుతోంది.

కంపెనీలు పరిహారం కట్టడం జరిగే పని కాదనేవాళ్లు ములుగు జిల్లా వైపు చూడాలి. అక్కడి ఏజెన్సీ మండలాల్లో కంపెనీల కోసం మొక్కజొన్న విత్తనం పండించి నష్టపోయిన ఆదివాసీ రైతులకు, తెలంగాణ రైతు కమిషన్ కలగజేసుకున్నాక, 2025లో పరిహారం అందింది. అంటే కట్టగలరు. కానీ ఆందోళన జరగాలి, కమిషన్ కదలాలి, మంత్రులు రావాలి. మొక్కల వంగడాల రక్షణకు 2001లో చేసిన చట్టం ఇంకొంచెం ముందుకెళ్లి, నమోదైన రకం ఎంత దిగుబడి ఇస్తుందో కంపెనీ రైతుకు ముందే చెప్పాలనీ, చెప్పినట్టు పండకపోతే రైతు పరిహారం అడగవచ్చనీ రాసింది. పావు శతాబ్దమైనా ఆ హక్కు ఉందని ఎంతమంది రైతులకు తెలుసు? హక్కు అడిగినవాడికే దక్కేదైతే, తెలిసినవాడికీ తెలియనివాడికీ ఉన్న తేడా మళ్లీ తలెత్తుతుంది. బంగారంలో లాగా లెక్క ముందే రాసి ఉండాలి. లాటు తప్పిందని తేలిన రోజున, ఆ లాటు బిల్లులున్న రైతులందరి ఖాతాల్లో, అడగకుండానే సొమ్ము పడాలి. అలా అయితే బిల్లు ఇవ్వని దుకాణం దగ్గర రైతే కొనడు.

కేంద్రం 2025 చివర్లో కొత్త విత్తన బిల్లు ముసాయిదాను బయటపెట్టింది. 2004 నుంచి ఇలాంటి ప్రయత్నాలు సాగుతూనే ఉన్నాయి, ఏదీ చట్టం కాలేదు. ఈసారి చర్చ జరిమానా ఎన్ని లక్షలన్న దాని చుట్టూ తిరిగితే మరో అరవై ఏళ్లు ఇదే తంతు. ఆ జరిమానా ఖజానాకు పోతుంది, రైతు గింజ మాత్రం మొలవదు. ప్రతి క్లాజునూ రెండు ప్రశ్నలతో కొలవాలి. లాటు ఫలితం అమ్మకానికి ముందే కొనేవాడి కళ్లబడుతుందా? అది తప్పని తేలితే దాచినవాడి జేబులోంచి నష్టపోయినవాడి జేబులోకి సొమ్ము దానంతటది పోతుందా? ఈ రెండింటికీ అవునని జవాబు చెప్పలేని చట్టం ఎంత కఠినంగా కనిపించినా, నాసిరకం గింజ అమ్మేవాడు నిశ్చింతగా నిద్రపోతాడు.